బందెలదొడ్డి: స్థానిక జైళ్ళు, తెలుగు జైలు సాహిత్యం

మార్కమ్ నగరంలో జైలు లేదు. 2021 జనగణన నాటికి 3,38,503 మంది ఉన్న ఊరది. అక్కడ అరెస్టయిన మనిషిని ముందు యార్క్ ప్రాంతీయ పోలీసులు తమ స్టేషను గదిలో ఉంచుతారు. ఇరవైనాలుగు గంటలలోగా న్యాయాధికారి ముందు హాజరుపరచాలి. ఆ కోర్టు ఉత్తరాన న్యూమార్కెట్‌లో ఉంది. బెయిలు సంగతి అక్కడ తేలకపోతే, మగవాడైతే తరచుగా వంద కిలోమీటర్ల అవతలి లిండ్సేకి గాని, స్కార్‌బరోలోని టొరాంటో ఈస్ట్ నిర్బంధ కేంద్రానికి గాని, స్త్రీ అయితే మిల్టన్‌లోని వేనియర్ కేంద్రానికి గాని వ్యానులో తీసుకుపోతారు. స్థానిక జైలు అనే మాటకు ఆ నగరంలో చిరునామా లేదు. అందువల్ల ఆ జైళ్ళలో ఉండేది ఎవరన్న ప్రశ్న కూడా అక్కడి మర్యాదస్థుల సంభాషణలోకి సాధారణంగా రాదు.

ఇది మొదటినుంచీ ఇలా లేదు. 1968 దాకా ఒంటారియోలో జైళ్ళను కౌంటీలు నడిపేవి. కోర్టూ జైలూ పక్కపక్కనే, ఊరి నడిబొడ్డున, రాతితో కట్టి ఉండేవి. ఆ ఏట రాష్ట్ర ప్రభుత్వం వాటినన్నిటినీ తన చేతిలోకి తీసుకుంది. 1990ల చివర ఖర్చు తగ్గించే పేరుతో చిన్న జైళ్ళను మూసి, పెద్ద జైళ్ళు కట్టే విధానం వచ్చింది. దాని ఫలితంగా వచ్చిన కవలలు పెనెటాంగ్విషీన్ జైలు, లిండ్సే జైలు. ఒక్కొక్కటి దాదాపు పన్నెండు వందల మందికి సరిపడే భవనం. మొదటిదాన్ని 2001 నుంచి 2006 దాకా ఒక అమెరికన్ కంపెనీ నడిపింది; రెండోది ప్రభుత్వం చేతిలోనే ఉంది. రెండింటినీ పోల్చిచూసిన తరువాత మొదటిదాన్ని కూడా ప్రభుత్వమే వెనక్కి తీసుకుంది. లిండ్సే ఊళ్ళోని పాత కౌంటీ జైలు ఇప్పుడు మ్యూజియం. సంగారెడ్డిలో 1796 నాటి జైలుకు కూడా ఇదే గతి పట్టింది. 2016లో అక్కడ అయిదువందల రూపాయలు కట్టి ఇరవైనాలుగు గంటలపాటు ఖైదీ వేషం వేసే వీలు కల్పించారు. నిజమైన ఖైదీ కట్టలేక లోపల ఉండిపోయే మొత్తాలు కొన్నిసార్లు అంతకన్నా పెద్దవేమీ కావు.

ఈ భవనాలలో ఉన్నదెవరు? కెనడాలో రెండేళ్ళు, ఆ పైన శిక్ష పడినవారు కేంద్ర ప్రభుత్వపు పెనిటెన్షియరీకి వెళ్తారు. రెండేళ్ళకు ఒక్కరోజు తక్కువ దాకా పడినవారు రాష్ట్ర జైలులో ఉంటారు. శిక్షే పడనివారు కూడా అక్కడే ఉంటారు. ఒంటారియో జైళ్ళలో ఏ రోజు తల లెక్క తీసినా నాలుగింట మూడు వంతులు ఈ చివరి రకంవారే. భారతదేశపు లెక్క ఆశ్చర్యకరంగా దీనికి దగ్గరగా ఉంటుంది. జాతీయ నేర గణాంకాల సంస్థ 2022 నివేదిక ప్రకారం దేశంలోని 1,330 జైళ్ళలో 5,73,220 మంది ఉండగా, వారిలో 4,34,302 మంది విచారణ ఖైదీలు; అంటే 75.8 శాతం. ఆ జైళ్ళలో అధిక సంఖ్య, 574, సబ్‌జైళ్ళే. రెండు దేశాల సంపదకూ పోలీసు వ్యవస్థకూ పోలిక లేదు. నిష్పత్తి మాత్రం ఒకటే.

ఆ లెక్కలో ఒక మెలిక ఉంది. వైద్యశాస్త్రంలో ఒక రోగం ఫలానా రోజున ఎందరికి ఉన్నదన్నది ఒక లెక్క, ఏడాదిలో కొత్తగా ఎందరికి వచ్చిందన్నది మరో లెక్క. జైలు తల లెక్క మొదటి రకానిది. రెండో లెక్క తీస్తే కనిపించే గుంపు ఇంకా పెద్దది. రిమాండుకు వచ్చినవారిలో చాలామంది కొద్దిరోజులకో కొద్దివారాలకో బయటపడతారు. వారి స్థానంలోకి మరొకరు వస్తారు. శిక్ష అనుభవించేవాడు జైలులో నివసిస్తాడు. రిమాండు ఖైదీ దాని గుండా ప్రవహిస్తాడు. ఉద్యోగం, అద్దె ఇల్లు, మందుల క్రమం తెగిపోవడానికి పదిరోజుల ప్రవాహం చాలు. తెగిపోయాక కేసు కొట్టివేసినా అవి అతుక్కోవు.

తెలుగులో జైలుకు పేర్లు తక్కువేమీ లేవు. చెరసాల, కారాగారం, బందిఖానా, కటకటాలు. వెటకారానికి అత్తారిల్లు; గౌరవానికి శ్రీకృష్ణ జన్మస్థానం; తిండికి చిప్పకూడు; కాలక్షేపానికి ఊచలు లెక్కపెట్టడం. వీటన్నిటిలోనూ ఉన్నది శిక్ష, లేదా త్యాగం. స్థానిక జైలు చేసే పనికి సరిగ్గా సరిపోయే మాట వీటిలో లేదు. అది పశువుల సంబంధమైన మాట: బందెలదొడ్డి. పరాయివాడి చేలో పడ్డ గేదెను తోలుకొచ్చి దొడ్డిలో కట్టేస్తారు. ఆ గేదె తప్పొప్పులను అక్కడ ఎవరూ తేల్చరు. ఆసామి వచ్చి బందె సొమ్మూ మేత ఖర్చూ కడితే విప్పుతారు. ఆసామి లేని గేదె అక్కడే ఉంటుంది.

ఈ కోణం నుంచి చూస్తే తెలుగు జైలు సాహిత్యపు మొదటి కథే వేరుగా కనిపిస్తుంది. కంచెర్ల గోపన్న గోల్కొండలో బందీ అయినది సర్కారు పైకం బకాయి పడ్డందుకు. సంప్రదాయం చెప్పే కథలో ఆయన నిర్దోషి అని తానీషా తీర్పు చెప్పడు. ఇద్దరు కుర్రవాళ్ళు రాత్రివేళ వచ్చి ఆరు లక్షల మొహరీలు చెల్లిస్తారు, రశీదు తీసుకుంటారు, తలుపు తెరుచుకుంటుంది. రామదాసు కీర్తనలలోని నిష్ఠురాలను భక్తిగా చదవడం సరైనదే. కాని వాటిలో ఒక బాకీదారు తన జామీనుదారు కోసం ఎదురుచూసే ఉక్రోషం కూడా ఉంది. బయట ఉన్నవాడికి తన సంగతి తెలుసు, డబ్బూ ఉంది, అయినా రావడం లేదన్న అనుమానం ఏ సబ్‌జైలు ములాఖత్ కిటికీ దగ్గరైనా వినిపించేదే. తెలుగు విమర్శ ఈ లౌకికమైన పొరను దాదాపు ముట్టుకోలేదు.

ఆధునిక యుగంలో జైలు రచన రాజకీయ రచనగా మారింది. ఉన్నవ లక్ష్మీనారాయణ 'మాలపల్లి'ని రాయవేలూరు జైలులో రాశాడు. జైలు ఆ నవలకు రాతబల్ల అయింది. ఆయన చూపు మాత్రం ఊరి మీద ఉంది. దాశరథి నిజామాబాదు జైలు గోడల మీద బొగ్గుతో పద్యాలు రాసిన సంగతి తెలుగువారికి జైలు అనగానే గుర్తుకొచ్చే చిత్రం. అదే జైలులో ఆయనతో ఉన్న వట్టికోట ఆళ్వారుస్వామి మాత్రం మరో పని చేశాడు. పక్కన ఉన్న మామూలు ఖైదీలను చూశాడు, వారి మాట విన్నాడు, వారు అక్కడికి ఎలా చేరారో అడిగాడు. 'జైలు లోపల' కథలు ఆ వినికిడి నుంచి పుట్టాయి. దొంగ, హంతకుడు అనే ముద్ర వెనుక ఉన్న ఊరినీ కుటుంబాన్నీ లేమినీ అవి చూపుతాయి. శిల్పం దృష్ట్యా వాటిలో ఉపన్యాసపు బరువు కొంత ఉన్నమాట నిజం. అయినా తన బందీతనాన్ని పక్కనపెట్టి పక్కవాడి బందీతనాన్ని చూసిన రచయితగా ఆళ్వారుస్వామికి రావలసినంత పేరు రాలేదు. గోడ మీది పద్యానికి దక్కిన కీర్తిలో పదోవంతు కూడా ఆ కథలకు దక్కలేదు. తెలుగు పాఠకుడు జైలు నుంచి ఏమి కోరుకున్నాడో ఈ తేడాలో తెలుస్తుంది.

వరవరరావు విషయం మరింత చిక్కైనది. 1980ల రెండో సగంలో జైలు నుంచి ఆయన రాసిన వ్యాసాలు 'సహచరులు'గా వచ్చాయి. ఉత్తరాలు, పక్షులు, మొక్కలు, తలుపుల చప్పుడు, ఎదురుచూపు: ఒంటరితనపు వివరాలను అంత ఓపికగా నమోదు చేసిన తెలుగు వచనం అరుదు. ఆయన మీద ఉన్న సికింద్రాబాదు కుట్రకేసు 1974లో మొదలై 1989లో నిందితులందరి విడుదలతో ముగిసింది. 2018లో మళ్ళీ అరెస్టయ్యాడు. కేసు విచారణ ముగియకుండానే 2021 ఫిబ్రవరిలో బొంబాయి హైకోర్టు, 2022 ఆగస్టులో సుప్రీంకోర్టు ఆరోగ్య కారణాల మీద బెయిలు ఇచ్చాయి. చట్టం భాషలో ఆయన అన్నాళ్ళూ విచారణ ఖైదీయే. జి. ఎన్. సాయిబాబా శిక్ష పడి, 2024 మార్చిలో నిర్దోషిగా బయటికి వచ్చి, అదే సంవత్సరం అక్టోబరులో హైదరాబాదులో మరణించాడు. అంటే తెలుగువారు ఎక్కువగా తలుచుకునే ఆధునిక జైలు రచయితలు చివరికి ఏ నేరమూ రుజువు కానివారు. అయినా వారిని చదివేటప్పుడు పాఠకుడికి కనపడేది ధిక్కారం. రుజువు కాకుండానే గడిచిన సంవత్సరాలు ఆ ధిక్కారానికి నేపథ్యంగా మిగిలిపోతాయి.

దీనికి కారణం లేకపోలేదు. రాజకీయ ఖైదీకి తాను ఎందుకు లోపల ఉన్నాడో తెలుసు. అతని నిరీక్షణకు అర్థం ఉంది, బయట సంఘం ఉంది, న్యాయవాదులు ఉన్నారు, ఉత్తరం రాస్తే అచ్చువేసే పత్రిక ఉంది. వలస పాలకులు ఖైదీలను ఏ, బీ, సీ తరగతులుగా విడదీసిన నాటినుంచీ కాగితం కలం దక్కే తరగతి ఒకటి, దక్కనిది మరొకటి. మామూలు రిమాండు ఖైదీ నిరీక్షణకు కథ లేదు. అతను దేనికోసం ఎదురుచూస్తున్నాడో అతనికే సరిగ్గా తెలియదు: వాయిదాకా, వకీలుకా, పూచీ పడే బంధువుకా? ఆరంభమూ పతాకమూ లేని ఈ స్థితి కథకుడికి లొంగదు. బి. అనురాధ హజారీబాగ్ జైలులో తాను చూసిన మహిళల గురించి రాసిన కథలు ఈ ఖాళీలోకి అడుగుపెట్టాయి. రచయిత రాజకీయ ఖైదీయే, కాని కథలోని మనుషులు కారు. ఆళ్వారుస్వామి తరువాత ఆ తోవలో గట్టిగా నడిచినది ఆమె.

నిరీక్షణ అంటే ఏమిటో మార్కమ్‌కు తూర్పున, డర్హమ్ ప్రాంతంలోని ఏజాక్స్‌కు చెందిన సోలేమాన్ ఫకీరీ ఉదంతం చెబుతుంది. అఫ్గాన్ మూలాలున్న ముప్ఫై ఏళ్ళ యువకుడు. ఇంజనీరింగ్ చదువుతుండగా స్కిజోఫ్రీనియా బయటపడింది. 2016 డిసెంబరు 4న పొరుగు వ్యక్తిపై దాడి చేశాడన్న ఆరోపణతో అరెస్టయి లిండ్సే జైలుకు వచ్చాడు. అతని మానసిక స్థితి పరీక్షించాలని కోర్టు ఆదేశించింది. ఆ పరీక్ష జరగవలసిన ఆసుపత్రికి అతను చేరలేదు. ఒంటరి గదిలో ఉంచారు. స్థితి రోజురోజుకూ దిగజారింది. చూడటానికి వచ్చిన కుటుంబాన్ని వెనక్కి పంపారు. డిసెంబరు 15న గది మార్చే సందర్భంలో సిబ్బందితో పెనుగులాట జరిగింది. పెప్పర్ స్ప్రే కొట్టారు, సంకెళ్ళు వేశారు, ఉమ్మకుండా తలకు ముసుగు తొడిగారు, బోర్లా పడుకోబెట్టారు. అతను చనిపోయాడు. దేహం మీద యాభైకి పైగా గాయాలు కనిపించాయి. మొదటి శవపరీక్ష మరణకారణం నిర్ధారించలేమన్నది. 2021లో రాష్ట్ర ప్రధాన ఫోరెన్సిక్ పాథాలజిస్టు పునఃపరిశీలించి, బోర్లా అదిమిపెట్టడాన్నీ పెనుగులాటలోని గాయాలనూ కారణాలలో చేర్చాడు. ఎవరి మీదా అభియోగం మోపలేదు. 2023 డిసెంబరులో కరోనర్ విచారణ జ్యూరీ దీన్ని నరహత్యగా తేల్చి 57 సిఫార్సులు చేసింది. ఆ విచారణకు నేరం ఎవరిదో చెప్పే అధికారం లేదు. మరణం ఎలా జరిగిందో చెప్పే అధికారమే ఉంది.

పదకొండు రోజులు. శిక్ష లేదు, విచారణ మొదలు కాలేదు. ఈ ఉదంతాన్ని సిబ్బంది క్రౌర్యంగా మాత్రమే చదివితే సగమే చదివినట్టు. ఆసుపత్రిలో చోటు దొరికేదాకా రోగిని ఉంచే గదిగా జైలును వాడుకోవడం ఇందులోని అసలు లోపం. ఒంటారియోలో జైలు వైద్యం ఆరోగ్య మంత్రిత్వశాఖ కింద ఉండదు. జైళ్ళను నడిపే సొలిసిటర్ జనరల్ శాఖ కింద ఉంటుంది. వైద్యుడూ నర్సూ తాళం చేతిలో ఉన్నవాడి ఉద్యోగులవుతారు. నోవాస్కోషియా 2001లో, ఆల్బర్టా 2010లో, బ్రిటిష్ కొలంబియా 2017లో జైలు వైద్యాన్ని ఆరోగ్య సంస్థలకు అప్పగించాయి. కెనడాలో అతి పెద్ద జనాభా ఉన్న రాష్ట్రం ఆ పని చెయ్యలేదు. పరిపాలనాపరమైన చిన్న మార్పులా కనిపించే ఈ విషయం లోపలివాడికి ప్రాణసమానం. జైలులో మొదటి మూడురోజులు వైద్యపరంగా అన్నిటికన్నా ప్రమాదకరమైనవి. తాగుడు ఒక్కసారిగా ఆగినవాడికి మూర్ఛలు వస్తాయి. మధుమేహ రోగి ఇన్సులిన్ తప్పుతుంది. మతిస్థిమితం నిలిపే మాత్రలు బయటి చీటీ ధ్రువపడేదాకా ఆగిపోతాయి. బయటికి వచ్చాక మరో ప్రమాదం కాచుకుని ఉంటుంది. 2006 నుంచి 2013 దాకా ఒంటారియోలో మాదకద్రవ్యాల మోతాదు మించి మరణించిన పెద్దవారిలో సుమారు పదిమందికి ఒకరు రాష్ట్ర జైలు నుంచి విడుదలైన ఏడాదిలోపువారని అక్కడి పరిశోధకులు తేల్చారు. లోపల ఉన్నన్నాళ్ళలో శరీరం పాత మోతాదును మరిచిపోతుంది, మనిషి మరవడు.

అసలు ఏ ఆరోపణా లేనివారు కూడా ఈ జైళ్ళలో ఉండేవారు. వలస చట్టం కింద దేశం నుంచి పంపించవలసినవారిని, గుర్తింపు తేలనివారిని సరిహద్దు సేవల సంస్థ రాష్ట్ర జైళ్ళలో అద్దెకు పెట్టినట్టు పెట్టేది. 2013 సెప్టెంబరులో లిండ్సేలో ఇలాంటి బందీలు నిరాహారదీక్ష చేశారు. ఆ ఒప్పందాన్ని ఒంటారియో 2024 జూన్‌లో ముగించింది.

మార్కమ్ తెలుగువారికి ఈ వ్యవస్థ ఎదురయ్యే చోటు పూచీకత్తు దగ్గర. కెనడాలో డబ్బు తీసుకుని జామీను పడే వృత్తి చెల్లదు. పూచీ పడ్డవాడికి నష్టం రాకుండా భర్తీ చేస్తానని ఒప్పుకోవడమే నేరం. తెలుగునాట కోర్టు ఆవరణలో పట్టాదారు పాసుపుస్తకం చంకలో పెట్టుకుని తిరిగే అద్దె జామీనుదారు అక్కడ కనపడడు. ముందుగా డబ్బు కట్టవలసిన అవసరం కూడా చాలా కేసులలో ఉండదు. దానికి బదులు కావలసినది ఒక మనిషి. ముద్దాయిని తన ఇంట్లో పెట్టుకుని, వేళకు ఇంటికి చేరాడో లేదో చూసి, షరతు తప్పితే పోలీసులకు ఫోన్ చేస్తానని కోర్టులో ప్రమాణం చేసే మనిషి. సాధారణంగా అతను పౌరుడో శాశ్వత నివాసో అయి ఉండాలి. 2017లో ఆంటిక్ కేసులో కెనడా సుప్రీంకోర్టు, పూచీ లేని తేలిక షరతులే మొదటి మెట్టు కావాలనీ, పై మెట్టు అడిగేవాళ్ళు కింది మెట్టు ఎందుకు చాలదో చెప్పాలనీ గట్టిగా చెప్పింది. అయినా ఒంటారియో కోర్టులలో పూచీదారుని అడిగే అలవాటు పాతుకుపోయి ఉంది.

ఇరవైరెండేళ్ళ విద్యార్థిని తలుచుకుంటే ఆ అలవాటు బరువు తెలుస్తుంది. నేలమాళిగ గదిలో నలుగురితో అద్దెకు ఉంటాడు; ఆ నలుగురూ వీసా మీద ఉన్నవారే. అమ్మానాన్నలు ఖమ్మంలోనో నరసరావుపేటలోనో ఉంటారు. తెలిసిన పెద్దమనిషి ఎవరైనా ఉంటే, ఆయన ఇంట్లో ఆడపిల్లలు ఉన్నారని సందేహిస్తాడు. భార్యాభర్తల గొడవలో అరెస్టయినవాడైతే సొంత ఇంటి గడపకే వెళ్ళకూడదన్న షరతు ఉంటుంది. బాధితురాలి భద్రతకు ఆ షరతు అవసరమే, అందులో వాదన లేదు. కాని అతను తల దాచుకునే రెండో ఇల్లు ఆ దేశంలో ఉండదు. పరువు భయంతో ఊరంతటికీ తెలియకూడదనుకునేవాడు పూచీ కోసం ఊరంతటినీ అడగవలసి వస్తుంది. ఆ పేచీ తేలేదాకా వాయిదాలు పడతాయి. ముద్దాయి ఒప్పుకోకపోయినా బెయిలు విచారణను ఒక్కోసారి మూడు పూర్తి రోజులు వాయిదా వెయ్యవచ్చు. రిమాండులో గడిపిన ఒక్కో రోజుకు శిక్షలో ఒకటిన్నర రోజు దాకా తగ్గించవచ్చని 2014లో సుప్రీంకోర్టు సమర్స్ కేసులో ఖాయం చేసింది. అది ఉపశమనమే. కాని దానికి మరో కొస ఉంది: గడిపిన రోజులే శిక్షకు సరిపోయే దశ వచ్చాక, నేరం ఒప్పుకుంటే ఈ సాయంత్రమే ఇంటికి, కాదని పోరాడితే మళ్ళీ లిండ్సేకి. వీసా మీద ఉన్నవాడికి ఆ ఒప్పుకోలు దేశబహిష్కారం దాకా తీసుకుపోవచ్చు.

ఈ ఇబ్బందిని చాలా ముందే కనిపెట్టిన న్యాయమూర్తి వి. ఆర్. కృష్ణయ్యర్. ఆంధ్రప్రదేశ్ హైకోర్టు నుంచి వచ్చిన గుడికంటి నరసింహులు కేసులో 1977 డిసెంబరులో, బెయిలు నిరాకరణ శిక్షగా మారకూడదని ఆయన రాసిన తీర్పును భారతదేశపు న్యాయవాదులు నేటికీ ఉదహరిస్తారు. మరుసటి ఏడు మోతీరామ్ కేసు. మధ్యప్రదేశ్‌లో ఒక తాపీ పనివాడికి పదివేల రూపాయల పూచీ విధించారు. అతని సోదరుడు పూచీ పడబోతే, ఆస్తి వేరే జిల్లాలో ఉందని మేజిస్ట్రేటు తిరస్కరించాడు. దక్షిణాది మనిషి ఎవడైనా ఉత్తరాన ఎక్కడో అరెస్టయితే, అక్కడ ఆస్తి ఉన్న పూచీదారుని ఎలా తెస్తాడని కృష్ణయ్యర్ అడిగాడు. ఆయన లెక్కలో దూరం అంటే బస్తరూ చాందినీచౌకూ. మార్కమ్ అప్పుడు ఆ జాబితాలోకి రాలేదు. అచ్చమైన తెలుగు వచనంలోకి తీసుకురాదగిన జైలు రచన ఏదైనా ఉంటే అది ఈ తీర్పు. దాన్ని చట్టం పుస్తకాల బీరువాకే వదిలెయ్యడం సాహిత్యానికి నష్టం.

నిరీక్షణకు గడువులు పెట్టే ప్రయత్నం రెండు చోట్లా జరిగింది. 2016 నాటి జోర్డన్ తీర్పు రాష్ట్ర కోర్టు కేసుకు పద్దెనిమిది నెలలు, పై కోర్టు కేసుకు ముప్ఫై నెలలు హద్దుగా పెట్టింది. దాటితే సాధారణంగా కేసు నిలిచిపోతుంది. ఆ నష్టం బాధితుడిది కూడా. తొంభై రోజులు దాటిన రిమాండును న్యాయమూర్తి తనంతట తాను సమీక్షించాలని 2019 నాటి మైయర్స్ తీర్పు స్పష్టం చేసింది. భారతదేశంలో 2024 జులై 1న అమలులోకి వచ్చిన నాగరిక సురక్షా సంహిత 479వ సెక్షను, మరణశిక్షో యావజ్జీవమో పడే నేరాలు కానప్పుడు, మొదటిసారి నిందితుడైనవాడు గరిష్ఠ శిక్షలో మూడోవంతు గడిపితే విడుదల చెయ్యాలంటుంది. ఒకటికి మించి కేసులున్నవాడికి ఆ తలుపు మూసుకునే ఉంటుంది. దొడ్డిలో ఉన్నవారి మీద ఒకటికి మించి కేసులుండటం అరుదు కాదు.

భవనాల సంగతి ఒకటి మిగిలింది. టొరాంటోలో 1864లో తెరిచిన డాన్ జైలు చివరి విభాగం 2013 చివర మూతపడింది. కెనడాలో చివరి ఉరి 1962 డిసెంబరులో అక్కడే జరిగింది. ఇప్పుడు ఆ పాత రాతి కట్టడం పక్కనే వెలసిన బ్రిడ్జ్‌పాయింట్ ఆసుపత్రికి కార్యాలయం. ఖైదీలు నగరానికి పడమర చివరన, 2014లో తెరిచిన టొరాంటో సౌత్ నిర్బంధ కేంద్రానికి మారారు. వరంగల్ సెంట్రల్ జైలును 2021లో కూల్చి ఆ స్థలాన్ని బహుళ అంతస్తుల ఆసుపత్రికి ఇచ్చారు. ఖైదీలను ఇతర జైళ్ళకు తరలించారు. వరంగల్‌లో అరెస్టయినవాణ్ణి చూడబోయే భార్య ఇప్పుడు ఎక్కవలసిన బస్సు వేరు. మార్కమ్ నుంచి లిండ్సేకి కారు లేనివాడు వెళ్ళాలన్నా అంతే: ముందు టొరాంటో చేరాలి, దూరపు బస్సు పట్టుకోవాలి, ఊరి బయటి జైలు దాకా టాక్సీ మాట్లాడుకోవాలి, జైలు ఆ రోజు సిబ్బంది కొరతతో తాళం వేసుకుని ఉంటే, ములాఖత్ లేదన్న మాట గేటు దగ్గర విని అదే దారిన తిరిగి రావాలి.